మంచినీళ్ల బావి సందు

మా నడిమిపాడులో ఒక చోటికి పేరు రావాలంటే ముందు అక్కడున్నది పోవాలి. ఉన్నంతకాలం దాన్నెవరూ పట్టించుకోరు. పోయిన మర్నాటి నుంచి ఊరంతా దాని పేరే చెప్పుకుంటుంది.

పట్నం నుంచి సిటీబస్సులో వచ్చేవాళ్లు ఐసు ఫ్యాక్టరీ స్టాపులో దిగాలి. అక్కడ ఐసు ఫ్యాక్టరీ లేదు. అది మూతపడి ముప్పయ్యేళ్లయింది, ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలుంది. తిన్నగా నడిస్తే రెండు తాటిచెట్ల సెంటరు. చెట్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడే పోయాయి, ఆ జాగాలో సెల్ టవరు లేచింది. ఎడమచేతి వైపు తిరిగితే డేరా సినిమా వీధి. ఆ డేరా నా చిన్నప్పుడు గాలివానకి లేచిపోయి పక్క ఊరి పొలాల్లో పడింది, తెచ్చుకుందామని ఎవరూ వెళ్లలేదు. ఇక కొత్త బజారంటారా, అది మా తాత పుట్టకముందుది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు దీనికి విసుక్కుంటారు. ఒకాయన చెమటలు తుడుచుకుంటూ మా షాపుకొచ్చి, "ఫంక్షన్ హాలు స్టాపు అని చెప్పొచ్చు కదండీ?" అని నిలదీశాడు. "ఎట్టా చెబుతామండీ, అది ఇంకా ఉందిగా" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఊళ్లోవాళ్లం మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరం కూడా దారి తప్పలేదు.

మా షాపంటే దానియేలు జిరాక్స్ అండ్ ఆన్‌లైన్ సర్వీసెస్. మునిసిపల్ ఆఫీసు గేటుకి సరిగ్గా ఎదురు. అర్జీలు రాస్తాను, టైపు చేస్తాను, ఫారాలు నింపుతాను. ఆఫీసులోకి పోయే కాయితం, బయటికొచ్చే కాయితం నా మిషను మీదుగా పోవాల్సిందే. అందుకని ఈ వ్యవహారం కమిషనరుగారి కంటే నాకే వివరంగా తెలుసు.

పోయిన వేసవిలో పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. ఆరు కాపీలు నేనే తీశాను కాబట్టి నోటికొచ్చేసింది. 'ప్రతి చిరునామాకు క్షేత్రస్థాయిలో ఒక ఆనవాలు ఉండవలెను. చిరునామాలో పేర్కొనబడిన ఆనవాలు భౌతికముగా లేనియెడల సదరు చిరునామా నిరాధార చిరునామాగా పరిగణించబడును. నిరాధార చిరునామాలకు పురపాలక సేవలు అందించుట విధి ఉల్లంఘన క్రిందకు వచ్చును.'

మా కమిషనరు ఉమాకాంతంగారు మర్యాదస్తుడు. ఎవర్నీ కసురుకోరు, ఎవరి పనీ చెయ్యరు. ఆయన కౌన్సిల్ హాల్లో మీటింగు పెట్టి గొంతు సవరించుకున్నారు.

"చిరునామా అనేది పౌరునికీ ప్రభుత్వానికీ మధ్య నెలకొన్న పవిత్రమైన అవగాహన. ఆ అవగాహనలో అసత్యానికి తావుండరాదు. లేని ఫ్యాక్టరీ ఎదురుగా, లేని చెట్ల పక్కన నివసించుట నాగరిక సమాజానికి శోభనివ్వదు."

ఐసు ఫ్యాక్టరీ వార్డు మెంబరు లేచి నిలబడ్డాడు. "మరి మా వార్డు పేరే అది గదండీ. నేను గెలిచింది చెల్లుద్దా, చెల్లదా?"

"సదరు అంశం పరిశీలనలో ఉన్నది" అన్నారు కమిషనరుగారు. మెంబరు కూర్చున్నాడు.

ఆనవాళ్ల పరిశీలకుడిగా సూర్యప్రకాశంగారు వేరే జిల్లా నుంచి వచ్చారు. చేతిలో ట్యాబు, జేబులో టేపు, చంకలో గొడుగు. దారి చూపించడానికి నన్ను వెంటబెట్టుకున్నారు. ఫంక్షన్ హాలు గోడకి అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, "చల్లదనం లేదు" అని రాసుకున్నారు. సెల్ టవరు కింద నిలబడి తలెత్తి చూసి, "ఒక్కటే ఉంది. అదీ తాటిచెట్టు కాదు" అని రాసుకున్నారు. కొత్త బజార్లో కిరాణా కొట్టు ముసలాయన్ని "ఈ బజారు ఎప్పటిదండీ?" అని అడిగారు. ఆయన మీసం దువ్వుకుని, "మా తాతల నాటిదండీ" అని గర్వంగా చెప్పి బజారుని నిలువునా ముంచాడు.

ఊళ్లో నలభయ్యొక్క చోట్లు చూస్తే ఒక్కటంటే ఒక్కటి పాసయింది. అది మురుగుకాలవ రోడ్డు. కాలవ ఉంది, అందులో మురుగుంది, పేరుకి ఏ లోటూ లేదు. సూర్యప్రకాశంగారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని 'సంపూర్ణ యథార్థం' అని రాశారు. ఆ రోడ్డువాళ్లకి సర్టిఫికెట్లిచ్చారు. కొంతమంది ఫ్రేము కట్టించుకుని హాల్లో తగిలించుకున్నారు.

ఇక్కడిదాకా ఊరంతా నవ్వుకుంది. నవ్వు ఆగిపోయింది ట్యాంకరు దగ్గర.

పట్నం మంచినీళ్ల పైపు మా ఊరికి మూడు కిలోమీటర్ల అవతల ఆగిపోయింది. అందుకని రోజు మార్చి రోజు మునిసిపాలిటీ ట్యాంకరొచ్చి వీధి వీధికీ నీళ్లు పోస్తుంది. ట్యాంకరు నడిపే ఖాసింవలి ఫోన్లో ఒక జాబితా ఉంటుంది. జాబితాలో ఉన్న చోటే బండి ఆపాలి, ఆపినట్టు ఫొటో పెట్టాలి. సర్క్యులరు అమల్లోకొచ్చిన సోమవారం ఆ జాబితాలో ఒక్క పేరే మిగిలింది. ఖాసిం ఊరంతా దాటుకుని పోయి, ట్యాంకరు మొత్తం మురుగుకాలవ రోడ్డులో ఖాళీ చేసి వచ్చాడు.

ఆ సాయంత్రం నాంచారమ్మక్క మా షాపుకొచ్చింది. ఆమెది మంచినీళ్ల బావి సందు. ఇరవైమూడిళ్ల సందది. ఆ సందులో పూర్వం మంచినీళ్ల బావి ఉండేది. కుళాయిలొస్తున్నాయి, ఇక బావెందుకని పద్దెనిమిదేళ్ల కిందట మునిసిపాలిటీవాళ్లే పూడ్చారు. కుళాయిలు రాలేదు. నాంచారమ్మక్క దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. భర్త పోయాక ఆ గ్రైండరు మీదే ఇద్దరాడపిల్లల్ని చదివించి పెళ్లిళ్లు చేసింది. పప్పు నానాలన్నా, కడగాలన్నా, రుబ్బాలన్నా ఆమెకి నీళ్లు కావాలి.

"మా ఇల్లు ఉందని ఒక అర్జీ రాయి తమ్ముడా" అంది.

"ఉందిగా అక్కా."

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఖాసిం ఫోనుకి తెలవదంట. ఇరవయ్యేళ్ల నుంచి నా చేతి దోసె తింటన్నోడు, ఇయ్యాల నా మొహం చూడకుండా బండి లాగించుకు పోయాడు."

రాశాను. మర్నాడు ఇద్దరం పట్టుకెళ్లాం. గుమాస్తా అర్జీ మీద 'పంపినవారు' అన్నచోట వేలు పెట్టి, నిరాధార చిరునామా నుంచి అర్జీ తీసుకోవడానికి రూలు లేదన్నాడు. నాంచారమ్మక్క నేరుగా కమిషనరుగారి గదిలోకే వెళ్లింది.

"మీరు ఉన్నారనడంలో మాకెట్టి సందేహమూ లేదమ్మా" అన్నారు ఉమాకాంతంగారు, ఎంతో నిదానంగా. "ఎక్కడ ఉన్నారన్నదే తేలవలసి ఉన్నది."

"ఇదుగో, మీ ఎదురుగానే ఉన్నా గదయ్యా!"

"ఇది మునిసిపల్ కార్యాలయమమ్మా. ట్యాంకరుని ఇక్కడికి పంపమంటారా?"

"పోనీ మా సందు పేరు మార్చండి. బావి లేని సందు అని పెట్టండి. అది నిజమే గదా."

కమిషనరుగారు ముచ్చటపడ్డారు. కానీ పేరు మార్చాలంటే ఆ సందులో నివసించేవాళ్లు అర్జీ పెట్టుకోవాలి. నివసిస్తున్నట్టు చూపించాలంటే చిరునామా ఉండాలి. "కావున రెండవ మార్గమే శరణ్యం. పేరుని మార్చలేనప్పుడు ఊరిని పేరుకి అనుగుణంగా మార్చుకొనవలెను" అన్నారు. ఆ మాట ఆయనకే బాగా నచ్చినట్టుంది, వెంటనే స్టెనోని పిలిచి రాయించుకున్నారు.

అలా మొదలైంది ఆనవాళ్ల పునరుద్ధరణ. ఫంక్షన్ హాలు గుమ్మంలో రోజూ పొద్దున్నే ఒక ఐసు దిమ్మ పెట్టి, కరిగేదాకా పక్కన కాపలా మనిషిని నిలబెట్టారు. సెల్ టవరుకి ఇనపరేకు మట్టలు బిగించి ఆకుపచ్చ రంగు కొట్టారు, పక్కన జత కోసం ఇంకో ఉత్తి స్తంభం పాతి దానికీ కొట్టారు. డేరా సినిమా వీధిలో తెల్లగుడ్డ కట్టారు. సినిమా ఏదని పిల్లలు మూడురోజులు ఎదురుచూసి వెళ్లిపోయారు. కొత్త బజారు ఎప్పటికీ కొత్తగా ఉండాలి కాబట్టి ప్రతి శుక్రవారం రంగు వెయ్యాలని తీర్మానించారు. ఆ రంగు ఆరేలోగా మళ్లీ శుక్రవారం వచ్చేది. కిరాణా కొట్టు ముసలాయన ఇప్పుడు అటు పోయినా ఇటు పోయినా వీపు మీద నీలం చారలతో కనిపిస్తాడు.

మంచినీళ్ల బావి వంతు రావడానికి నెల పట్టింది. ఆ నెలా నాంచారమ్మక్క రోజు మార్చి రోజు రెండు బిందెలతో కిలోమీటరు నడిచి మురుగుకాలవ రోడ్డుకి వెళ్లేది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ముందు పట్టుకున్నాక, దయగలిగితే ఈమెకి వదిలేవాళ్లు. గ్రైండరు మీద గోనెసంచి కప్పేసింది. పిండికొచ్చినవాళ్లు తలుపు కొట్టి, కాసేపు నిలబడి వెళ్లిపోయేవాళ్లు.

చివరికి సందు మధ్యలో నాలుగడుగుల వెడల్పున గొయ్యి తీసి ఆరు సిమెంటు ఒరలు దింపారు. చుట్టూ నడుమెత్తు గట్టు కట్టి, మీద గిలక, తాడు, కొత్త చేద పెట్టారు. సూర్యప్రకాశంగారు టేపు పెట్టి కొలిచి 'బావి' అని ధ్రువీకరించారు. ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. కమిషనరుగారు రిబ్బను కత్తిరించి, "ఈ ఆనవాలు మూడు మాసములు చెక్కుచెదరక నిలిచినచో, ఈ సందుకు పైపులైను మంజూరు నిమిత్తం పైకి వ్రాయగలము" అని ప్రకటించారు. సందంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆ మర్నాడు ట్యాంకరొచ్చింది. ఖాసిం దిగి, నాంచారమ్మక్క కాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆ రోజు ఆమె పిండి రుబ్బింది. మా ఇంట్లో దోసెలు తిన్నాం.

మూడోనాడు సూర్యప్రకాశంగారు రెండో విడత పరిశీలనకొచ్చి బావిలోకి తొంగి చూశారు. ముఖం గంభీరమైపోయింది.

"బావి ఉంది. మంచినీళ్లు ఏవి?"

నీళ్లు పడేంత లోతు ఎవరూ తవ్వలేదు. ఎవరూ తవ్వమనలేదు కూడా.

"పేరులో మూడంశాలున్నాయి. బావి, నీళ్లు, మంచితనం. ఒక్కటే నెరవేరింది" అన్నారాయన. ఆ సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది, కాపీ నేనే తీశాను. బావిలో పైనుంచి అడుగు కింద తెల్లగీత గీయాలి. గీత దాకా మంచినీళ్లుండాలి. రోజు మార్చి రోజు పదిగంటలకి ఫొటో తియ్యాలి. ఆ సందుకి కేటాయించిన ట్యాంకరు ఇకనుంచి బావిలో పొయ్యాలి.

"అడుగున సిమెంటు వేయిద్దామండీ, లేకపోతే ఇంకిపోద్ది" అన్నాడు మేస్త్రి.

"అడుగు వేస్తే అది తొట్టి అవుతుంది" అన్నారు సూర్యప్రకాశంగారు. "తొట్టి ఆనవాళ్ల పట్టికలో లేదు."

అలా రోజు మార్చి రోజు ట్యాంకరు మా కళ్లముందే వచ్చేది. ఆడవాళ్లు బిందెలతో బారుగా నిలబడేవాళ్లు. ఖాసిం తలొంచుకుని పైపు బావిలోకి దించేవాడు. నీళ్లు గీత దాకా ఎక్కేవి. సూర్యప్రకాశంగారు ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు. ఆయన స్కూటరు మలుపు తిరిగేసరికి గీత పైకి తేలేది, భోజనాల వేళకి అడుగున బురద కనపడేది. గట్టు మీద బోర్డు ఒకటి పెట్టారు. 'ఇది ఆనవాలు. ఇందుండి నీరు తోడరాదు.'

నాంచారమ్మక్క మళ్లీ కమిషనరుగారి దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను.

"అమ్మా, శాంతంగా వినండి. ఆ నీళ్లు తోడితే ఆనవాలు పోతుంది. ఆనవాలు పోతే మీ చిరునామా పోతుంది. చిరునామా పోతే ట్యాంకరు రాదు. ట్యాంకరు రానిదే బావిలో నీళ్లుండవు. మీ మేలు కోరియే గదా ఇదంతా."

"మరి మేం తాగేదేందయ్యా?"

"అది వేరే విభాగం చూస్తుందమ్మా" అన్నారు కమిషనరుగారు.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి నాకు భయమేసింది. "మూడు నెల్లేగా తమ్ముడా. పైపులైను వచ్చిద్ది గదా" అంది. మిగతా వీధుల నీళ్లు ఆ వీధులవాళ్లకే చాలేవి కావు, అందుకని ఆ పైపు వచ్చేదాకా సందంతా మురుగుకాలవ రోడ్డు దాకా నడవడానికి అలవాటు పడింది. చూసే నాకు ఒళ్లు మండేది.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు సందు చివరింట్లో పురిటిస్నానం పెట్టుకున్నారు. పదకొండో రోజు. బాలింతకీ బిడ్డకీ తలకి పొయ్యాలి, ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. మురుగుకాలవ రోడ్డువాళ్లు ఆ పొద్దున ఎవరికీ వదల్లేదు. సరిగ్గా అప్పుడే ఖాసిం బావి నింపి పైపు చుట్టుకుంటున్నాడు. నాంచారమ్మక్క కొంగు బిగించి గట్టు దగ్గరికొచ్చింది. బోర్డు పక్కకి జరిపింది. చేద వేసింది. అందరూ చూస్తుండగా రెండు బిందెలు తోడి, చంకన ఒకటి, చేత్తో ఒకటి పట్టుకుని బాలింత ఇంటికి పోయింది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ సందులో గిలక మోగింది. ఆడవాళ్లు కొందరు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

పదింటికి ఫొటో తీస్తే నీళ్లు గీతకి అంగుళం కింద ఉన్నాయి.

నోటీసు పోస్టులో వచ్చింది. నాంచారమ్మక్క దాన్ని మడత విప్పకుండా మా షాపుకి తెచ్చింది. నేను చదివాను. "మంచినీళ్ల బావి సందు, నాంచారమ్మగారికి. తమరు ఆనవాలు నుండి రెండు బిందెల పరిమాణము గల భాగమును అక్రమముగా తొలగించియున్నారు. తొలగించిన భాగమును మూడు దినములలోగా, పరిశీలకుని సమక్షమున, యథాస్థానమునకు చేర్చవలెను. లేనియెడల సందు యావత్తు నిరాధారమగును. పైపులైను ప్రతిపాదన ఉపసంహరించబడును."

"అంటే ఆ నీళ్లు నేను మళ్లీ బాయిలో పొయ్యాలా?"

"అవునక్కా."

"బిడ్డకి పోసిన నీళ్లు ఏడ తెచ్చేది?"

పొయ్యకపోతే ఏం చేస్తారో చూద్దాం, కోర్టుకి పోదాం అని ఆవేశపడ్డాను. ఆమె తల అడ్డంగా తిప్పింది. "నేనొక్కదాన్ని మొండికేస్తే ఇరవైమూడిళ్లు పోతయ్. ఇంకొక్క నెలేగా" అంది.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె మురుగుకాలవ రోడ్డుకి వెళ్లింది. సర్టిఫికెట్ ఉన్న ఇంటావిడ గడప ముందు రెండు గంటలు నిలబడి రెండు బిందెలు అడిగి తెచ్చుకుంది. ఆ ఎండలో కిలోమీటరు మోసుకొచ్చి, గోనెసంచి కప్పిన తన గ్రైండరు ముందు నుంచి, పప్పు లేని తన డబ్బాల ముందు నుంచి నడిచి బావి దగ్గరికొచ్చింది. ఆమె పొయ్యాల్సిన అంగుళం వదిలి పైపు ఆపమని ఖాసింకి ముందే ఉత్తర్వు అందింది. ఖాసిం ఆపి, బండి అవతలికి పోయి నిలబడ్డాడు. సూర్యప్రకాశంగారు ట్యాబు ఎత్తి పట్టుకున్నారు. నాంచారమ్మక్క బిందె గట్టు మీద ఆనించి వంచింది.

"అమ్మా, కాస్త ఇటు చూడండి. మొహం అలా పెడితే బాగోదు" అన్నారాయన.

ఆమె ఇటు చూసింది. నీళ్లు గీతని తాకాయి. ఫొటో చాలా బాగా వచ్చిందని సూర్యప్రకాశంగారే మెచ్చుకున్నారు.

మూడో నెల నిండింది. పైనుంచి పైపులైను ఇంజనీరు వస్తున్నాడని మునిసిపాలిటీ హడావిడిగా ఊరి చరిత్ర, భౌగోళికం, జనజీవనం అన్నీ కలిపి ఒక పుస్తకం వేసింది. టైపు, ప్రింటు అన్నీ నా షాపులోనే. జనజీవనం అన్న చోట పేజీ నిండా ఆ ఫొటో పెట్టమన్నారు. కింద వెయ్యాల్సిన మాటలు కమిషనరుగారు సొంత దస్తూరితో రాసి పంపారు. ఇంజనీరు ఆ పుస్తకం తిరగేసి, ఆ పేజీ దగ్గర ఆగి, ఇంత చక్కటి నీటి వసతి ఉన్న సందుకి పైపులైను వెయ్యడం దండగని రాసి వెళ్లిపోయాడు. ఆ కాయితం కూడా నేనే కాపీ తీశాను.

నాంచారమ్మక్క వచ్చి కౌంటరు మీదున్న పుస్తకం తీసింది. ఆ పేజీ తెరిచింది. ఫొటోలో బిందె వంగి ఉంది, ఆమె మొహం ఇటు తిరిగి ఉంది, బావి నిండా నీళ్లు తళతళలాడుతున్నాయి.

"దీని కింద ఏం రాసుంది తమ్ముడా?"

"మంచినీళ్ల బావి వద్ద సంతోషముగా నీరు తోడుకొనుచున్న స్థానిక మహిళ."

ఆమె ఫొటోలో బిందె మీద వేలు పెట్టింది.

"తోడతన్నానా, పోస్తన్నానా? నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు గదా."

"ఉన్నానక్కా."

"మరి ఇది రాసిందెవరు?"

"నేను టైపు మాత్రమే చేశానక్కా. రాయడం వేరేవాళ్లు" అన్నాను. నా గొంతు నాకే అచ్చం కమిషనరుగారి గొంతులా వినిపించింది.